గుమ్మికొండ దిగువ

గుమ్మికొండ బస్సును చంపింది కొనుగోళ్ల విభాగం. ఇందులో రెండో మాట లేదు. ఆ తరవాత ఎన్ని కాగితాలు పుట్టినా, ఎంతమంది అధికారులు జీపుల్లో వచ్చి వెళ్లినా, చీడివలస డిపో మెకానిక్ ఫోర్‌మన్ బోనంగి అప్పలసూరి తీర్పు మారలేదు. అతన్ని ఎవరూ అడగలేదు కనక ఆ తీర్పు ఎక్కడా నమోదు కాలేదు, అంతే.

అప్పలసూరి ఊరి బళ్లో ఏడో తరగతి దాకా చదివాడు. ముప్ఫై ఏళ్లుగా ఇంజన్లలో చెయ్యి పెట్టి బతుకుతున్నాడు. భార్య పైడమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయాక అతనికి లోకంలో రెండే సంబంధాలు మిగిలాయి. ఒకటి బళ్లతో. రెండోది అత్త గంగులమ్మతో.

గంగులమ్మ గుమ్మికొండ మీద అల్లం పండిస్తుంది. గురువారం గురువారం అల్లం బస్తాతో చీడివలస సంతకు దిగుతుంది. సంతకన్నా ముందు డిపోలోకి వచ్చి, అల్లుడి ముందు కేరేజీ పెట్టి, అతను తినేదాకా ఎదురుగా కూర్చుని తిడుతుంది. గెడ్డం పెరిగితే తిడుతుంది. చొక్కాకు బొత్తాం లేకపోతే తిడుతుంది. కూర బాగుందనకపోతే తిడుతుంది, బాగుందంటే అబద్ధమని తిడుతుంది. వారం మొత్తం మీద అతనితో బళ్ల గురించి కాకుండా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. అందుకని ఆ బస్సు మీద అతనికి ఒక కన్ను ఎక్కువ. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అడిగితే ఒప్పుకునేవాడూ కాదు.

గుమ్మికొండ బస్సు వారానికి రెండు రోజులే. సోమవారం, గురువారం. పొద్దున ఎక్కి జనాన్ని దింపుతుంది, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఎక్కిస్తుంది. ఘాట్ రోడ్డు మీద ఎనిమిది వంపులు. నెలలో మూడు ట్రిప్పులు మధ్యలో ఆగిపోతే ఆ రూటు రద్దు అని సంస్థ నిబంధన.

రెండేళ్ల కింద డిపోకు ఆరు ఆటోమేటిక్ బస్సులు వచ్చాయి. డ్రైవరు క్లచ్ తొక్కక్కర్లేదు, గేరు మార్చక్కర్లేదు. అయిదు బస్సులు రోడ్డెక్కాయి, వాటిలో ఒకటి గుమ్మికొండకు. ఆరోదాన్ని ఒక పెద్దాయన ప్రారంభించాల్సి ఉంది. ఆ పెద్దాయన వస్తూనే ఉన్నాడు. బంతిపూల దండ ఎండి, రాలి, దారం మిగిలింది. బస్సు మాత్రం షెడ్డులో కొత్తపెళ్లికూతురిలా తలుపు మూసుకుని కూర్చుంది.

ఏడాదిన్నర గడిచాక తిరుగుతున్న అయిదు బస్సులూ వణకడం మొదలుపెట్టాయి. గేరు మారినప్పుడల్లా చలిజ్వరం వచ్చినట్టు ఊగేవి. అప్పలసూరికి కారణం తెలుసు. ఆ బళ్ల గేరుపెట్టెలో పలకలు నూనెలో మునిగి ఉంటాయి. పలక పలకను పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది. పట్టు మెల్లగా కుదరాలి, కుదిరాక వదలకూడదు. ఈ రెండు పనులూ చూసుకునేది నూనెలో కలిసి ఉండే మందు. అది వాడగా వాడగా హరించుకుపోతుంది. అప్పుడు పలకలు పట్టీ పట్టక, వదిలీ వదలక బండిని వణికిస్తాయి. వైద్యం కష్టమేమీ కాదు. పాత నూనె దింపి, బండి తయారుచేసినవాళ్లు చెప్పిన నూనే మళ్లీ పొయ్యాలి.

ఆ మాటే రాశాడు. హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది: "పేరు పెట్టి కొనుగోలు చేయుట నిబంధనలకు విరుద్ధము. గుణము తెలుపుడు."

అప్పలసూరి బండితో వచ్చిన పుస్తకం తిరగేసి, పలకల పట్టు కొలిచే ఘర్షణ గుణకం 0.13 ఉండాలని రాశాడు. మళ్లీ జవాబొచ్చింది: "నిర్దిష్ట సంఖ్య కోరుట పోటీని నిరుత్సాహపరచును. సంఖ్య తొలగించి గుణము మాత్రమే ఉంచడమైనది. మీరు సాంకేతిక సభ్యుడిగా టెండరు సమావేశమునకు హాజరు కావలెను."

*

సమావేశం గదిలో ఏసీ చల్లగా ఉంది. జీడిపప్పు ఉంది. కొనుగోళ్ల విభాగం అధిపతి విశ్వపతి గారు బల్లకు తలవైపున కూర్చుని ఉన్నారు. పాతికేళ్ల సర్వీసులో ఆయన ఏ వస్తువునూ చూసి కొనలేదు. పట్టిక చూసి కొన్నారు. పట్టికలో ఎవరి సంఖ్య తక్కువో వాళ్లదే ఆర్డరు. దాంతో ఆయన మీద ఒక్క మచ్చ కూడా పడలేదు.

"కనిష్ఠ సూత్రం ఈ సంస్థకు ప్రాణవాయువు," అన్నారాయన. "పట్టిక చదవండి."

గుమస్తా చదివాడు. ధర, సరఫరాకు పట్టే రోజులు, డబ్బా బరువు, ఘర్షణ గుణకం. మొదటి మూడింటిలోనూ ఒక డీలరుదే తక్కువ. నాలుగో గడిలో అతను 0.09 రాశాడు. ఇంకెవరో 0.08 రాశారు.

విశ్వపతి గారు కళ్లజోడు తీశారు. "ఏమండీ, అన్నింటిలోనూ సహకరించి గుణకం దగ్గర ఇలా బిగదీసుకుంటే ఎలా?"

"అది కంపెనీ ఫార్ములా సార్," అన్నాడు డీలరు.

"ఫార్ములాలు అందరికీ ఉంటాయి. మీతో మాకు పదేళ్ల అనుబంధం. కాస్త దిగండి."

డీలరు చెమట తుడుచుకున్నాడు. బయటికెళ్లి ఎవరికో ఫోన్ చేసొచ్చాడు. "ఏడు చేస్తాం సార్. పాయింటు సున్నా ఏడు."

"అయిదు."

"పిల్లలు గలవాణ్ణి సార్."

"మేమూ పిల్లలు గలవాళ్లమే. ప్రజలకు జవాబు చెప్పాలి."

"సరే సార్, మీ మాటా వద్దు, నా మాటా వద్దు. నాలుగు! ఇంక నన్ను అడక్కండి."

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. సంప్రదింపుల ద్వారా ఘర్షణలో సగానికి పైగా ఆదా చేయబడినది అని గుమస్తా రాసుకున్నాడు.

అప్పలసూరి చెయ్యెత్తాడు. "అయ్యా, కొర్రమీనును కోసినప్పుడు ఆడోళ్లు సేతికి బూడిద రాసుకుంటారు. నూనె రాసుకోరు."

విశ్వపతి గారు ఆలోచించారు. "ఇది మత్స్యశాఖ కాదు," అన్నారు మర్యాదగానే.

మినిట్సులో అది కూడా ఎక్కింది: "సాంకేతిక సభ్యుని సూచన మత్స్యశాఖ పరిధిలోనిది." దాని కింద అప్పలసూరి చేత సంతకం పెట్టించారు. ఆ కాగితంలో అతనికి ఉన్న చోటు అదే.

*

కొత్త నూనె గురువారం మధ్యాహ్నం పోశారు. డిపో మేనేజరు సునందిని కొబ్బరికాయ కొట్టింది. బస్సు వెన్నలా కదిలింది. వణుకు లేదు. పుట్టినప్పటి నుంచీ ఎప్పుడూ వణకనట్టే ఉంది. డ్రైవరు కొర్రా బొంజుబాబు గుమ్మికొండ వాడే. బొటనవేలెత్తి చూపించి వెళ్లాడు.

నలభై నిమిషాలకు అతని ఫోనొచ్చింది. "సూరన్నా, రెండో వంపుకాడ ఉన్నాం."

"ఉన్నారా, ఎక్కతన్నారా?"

"ఇంజను ఎక్కతంది. బండి దిగతంది."

ఫోనులో వెనక నుంచి గంగులమ్మ గొంతు వినపడింది: "అరుపు సూత్తే ఏనుగు, నడక సూత్తే నత్త! ఏటిరా ఇది, ఏటి పోశారిందులో? నా అల్లుడేడీ, ఫోనియ్యి!"

అప్పలసూరి ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. జనం దిగి చక్రాల కింద రాళ్లు పెట్టారని, బస్తాలు నెత్తికెత్తుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిచి ఎక్కారని సాయంత్రానికి తెలిసింది. గేరుపెట్టె మూత తీస్తే మాడిన వాసన. పలకలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి.

"జారిందని రాయండమ్మా," అన్నాడు మేనేజరుతో.

సునందిని మంచిదే, భయస్తురాలు. "జారిందని రాయలేను సూరి గారూ. ఆమోదించిన నూనె కదా. 'ఆరోహణలో విరామం' అని రాస్తాను."

అదీ ఒక ట్రిప్పు ఆగడం కిందే లెక్క. ఇంకో రెండు ఆగితే రూటు లేదు. పలకలు మార్చడానికి బస్సును షెడ్డుకు చేర్చారు; మరమ్మతు రోజులు ఆ లెక్కలోకి రావు.

విరామానికి కారణం కనుక్కోవడానికి విశ్వపతి గారే జీపులో వచ్చారు. జీపు మామూలు క్లచ్‌ది. ఎనిమిది వంపులూ గుక్క తిప్పుకోకుండా ఎక్కింది. ఆయన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కొండను పైనుంచి కిందికి చూశారు.

"ఈ కొండ ఎవరిది?"

"అటవీశాఖది సార్," అంది సునందిని.

"టెండరు పత్రంలో దీని ప్రస్తావన ఉందా?"

"కొండనా సార్? లేదు సార్."

"అదీ సంగతి. ప్రస్తావించని కొండకు సరఫరాదారు బాధ్యుడు కాడు. వాలు తగ్గించమని అటవీశాఖకు లేఖ పెట్టండి."

అప్పలసూరి పక్కనే నిలబడి ఉన్నాడు. "అయ్యా, కొండ అప్పుడూ ఇంతే ఉండీది. పలకలకి పట్టు చాలక..."

"అంటే పట్టు పెరగాలంటారు."

"అవునండి."

"ముందే చెప్పొచ్చుగా!" అన్నారు విశ్వపతి గారు. "సంస్థ ఎప్పుడూ సలహాలకు తలుపులు తెరిచే ఉంచుతుంది. పట్టు పెంచే మందుకు అత్యవసర టెండరు పిలుద్దాం."

అప్పలసూరికి ఆ క్షణం ఆయన మీద గౌరవం కలిగింది. అది పది రోజులుంది.

*

రెండో సమావేశం. అదే గది, అదే జీడిపప్పు. పట్టికలో ఈసారి గడి పేరు: పట్టులో పెంపు.

మొదటి డీలరు 0.03 అన్నాడు. ఇంకొకడు 0.09 పెంచుతానన్నాడు. అప్పలసూరి ఆ మనిషి మొహంలోకి ఆశగా చూశాడు.

"తొమ్మిదా!" విశ్వపతి గారు నవ్వారు. "మీరు బయట కూర్చోండి."

మూలనుంచి ఫినాయిలు, అగరొత్తులు అమ్మే ఒక చిన్న వ్యాపారి లేచాడు. "సార్, మా మందు కలిపితే పట్టు సున్నా పెరుగుతుంది. గ్యారంటీ."

గదిలో గుసగుసలు. విశ్వపతి గారు ముందుకు వంగారు. "సున్నా. ఇంతకన్నా కిందికి ఎవరైనా రాగలరా?"

మొదటి డీలరు మెల్లగా లేచాడు. పదేళ్ల అనుబంధం ఉన్నవాడు అంత తేలిగ్గా ఓడిపోతాడా? "సార్, మేం పెంచకపోవడమే కాదు. ఇంకా తగ్గిస్తాం. మైనస్ పాయింటు సున్నా ఒకటి."

ఎవరో ఆహా అన్నారు.

అప్పలసూరి కుర్చీ వెనక్కి పడింది. "పెంచడానికి కదండీ కొంటన్నాం!"

"కూర్చోండి," అన్నారు విశ్వపతి గారు, పసివాడికి చెప్పినట్టు. "పెంపు అనేది ఏ రూపంలో ఉన్నా అరికట్టడం మన ధర్మం. ధరల పెంపు, జీతాల పెంపు, పట్టు పెంపు. ఒక్కదానికి తలుపు తీస్తే మిగతావి ఆగవు."

పాత డబ్బాలే కొత్త చీటీలతో వచ్చాయి. వాటిలోది పోసిన గురువారం పొద్దున బస్సు మొదటి వంపు కూడా చూడలేదు. కొండ పాదం దగ్గర నిలబడి, అరిచి, ఊరుకుంది. ఆగిన ట్రిప్పులు రెండయ్యాయి.

మూడోది ఆగితే రూటు పోతుంది. ఆ విషయం అప్పలసూరికన్నా సునందినిని ఎక్కువ భయపెట్టింది. ఆమె డిపోలో ఎప్పుడూ ఒక్క రూటు కూడా రద్దు కాలేదు. విశ్వపతి గారికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఆయన పది నిమిషాల్లో దారి చూపించారు. బస్సు కొండ పాదం దాకా పోతోంది కదా? అక్కడ ఒక బోర్డు పాతమన్నారు.

పాతారు. పసుపు రంగు మీద నల్లటి అక్షరాలు: గుమ్మికొండ (దిగువ). ఆ రోజు నుంచి బస్సు గమ్యం అదే. ఎక్కడం లేదు కనక ఆగడం లేదు. ట్రిప్పులు నూటికి నూరు. ప్రయాణికులు ఎక్కువ దూరం కూర్చోవడం లేదు కనక ఫిర్యాదులూ తగ్గాయి. జోన్ మొత్తంలో ఉత్తమ డిపోగా చీడివలసకు ఒక షీల్డు వచ్చింది. సునందిని దాన్ని బల్ల మీద పెట్టి, అప్పలసూరి వచ్చినప్పుడల్లా పక్కకు జరిపేది.

*

బోర్డు పాతాక మొదటి గురువారం గంగులమ్మ నడిచి దిగింది. డిపోకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కేరేజీ మూత తీస్తే పప్పు పులిసింది. ఆమె దాన్ని చూసి, మూత పెట్టేసింది.

"ఇదే ఆకరు బాబూ. ఈ మోకాళ్లు ఒప్పుకోవు. నువ్వు రా అందునా అంటే నీకు గురువారం సెలవు నేదు."

"ఏదో సేత్తాను అత్తా."

"ఏటి సేత్తావు? నీ బళ్లకే దిక్కు నేదు." అని, అతని చొక్కా వైపు చూసి, "ఆ బొత్తాం సూడు, దాని మొకం," అంది. తిట్టు సగంలోనే ఆగిపోయింది. మళ్లీ నడిచి వెళ్లిపోయింది.

తరవాత రెండు గురువారాలు ఆమె రాలేదు. అప్పలసూరి క్యాంటీన్ ఉప్మా తిన్నాడు. బొత్తాం తనే కుట్టుకున్నాడు. వంకరగా వచ్చింది. వంకరగా ఉందని అనేవాళ్లు లేరు.

ఆ ఆదివారం బొంజుబాబును పిలిచి, షెడ్డులో దారం వేలాడుతున్న ఆరో బస్సును చూపించాడు.

"దీని పెట్టెలో తయారీవాళ్ల నూనె అలాగే ఉంది. పలకలు సెక్కు సెదరలేదు."

బొంజుబాబుకు అర్థమైంది. "మరి పెద్దాయన వచ్చి ఇది ప్రారంభం సేత్తేనో?"

"రెండేళ్ల నుంచి రానోడు ఈ వారమే వత్తాడేటిరా?"

ఇద్దరూ గొలుసు కప్పీ కట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కష్టపడి, పెట్టెకు పెట్టె మార్చారు. సోమవారం పొద్దున బస్సు పసుపు బోర్డు దగ్గర ఆగలేదు. బొంజుబాబు దాన్ని చూసి హారను కొట్టి మరీ దాటాడు. ఒకటో వంపు, రెండు, మూడు... ఎనిమిది వంపులూ ఎక్కింది. పైన జనం చెరువు గట్టు తెగిందేమోనన్నట్టు పరిగెత్తుకొచ్చారట.

గురువారం గంగులమ్మ దిగింది. ముందు కేరేజీ పెట్టింది. తరవాత బొత్తాం చూసింది. "ఇది కుట్టా, కక్షా?" అంది. అప్పలసూరి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

చెయ్యి కడుక్కోకముందే మెమో వచ్చింది: "సదరు బస్సు ఆమోదిత గమ్యమును అతిక్రమించి అనుమతి లేకుండా ఆరోహించినది. కారణము తెలుపుడు."

*

సోమవారం విశ్వపతి గారు మళ్లీ వచ్చారు. మేనేజరు గదిలో సునందినిని బయటికి పంపించి, అప్పలసూరిని కూర్చోమన్నారు. అతన్ని ఆయన కూర్చోమనడం అదే మొదలు. పట్టిక చూసి కాకుండా మనిషిని చూసి మాట్లాడడం కూడా.

"ఆడిట్ వాళ్లు వచ్చారు అప్పలసూరి గారూ. ఆమోదించిన నూనెతో కొండెక్కిన బస్సు ఒక్కటైనా చూపించమంటున్నారు. రాష్ట్రం మొత్తానికి ఒక్కటే ఉంది. మీది."

"దాంట్లో ఉన్నది మీ నూనె కాదండి. పెట్టె మార్చాను."

"ఆ మాట నేను వినలేదు. మీరు అనలేదు." ఆయన గొంతు తగ్గించారు. "అన్నారనుకోండి, బస్సు అనధికార గుణకంతో కొండెక్కినట్టవుతుంది. పెట్టె తీసి వెనక్కి పెట్టించాలి. బోర్డు శాశ్వతమవుతుంది. మీ మీద విచారణ సంగతి సరే, అది మీకు లెక్కలేదని నాకు తెలుసు."

"మరేటి కావాల?"

ఆయన టైపు చేసిన కాగితం తీశారు. కనిష్ఠ గుణకం గల ఆమోదిత నూనెతో గుమ్మికొండ బస్సు ఎనిమిది వంపులూ నిరాటంకంగా ఎక్కినట్టు సాంకేతిక సభ్యుడు ధ్రువీకరిస్తున్నాడని అందులో ఉంది.

"సంతకం పెడితే?"

"బోర్డులో 'దిగువ' కొట్టివేయబడును. రూటు గుమ్మికొండ పైదాకా. ఆ బస్సుకు మీరు ఏం చేస్తున్నారో ఎవరూ మూత తీసి చూడరు."

కిటికీలోంచి బస్సు కనిపిస్తోంది. ఎవరో ముసలాయన మేకపిల్లను చంకన పెట్టుకుని ఎక్కుతున్నాడు. అప్పలసూరి కాగితం రెండుసార్లు చదివాడు. ఏడో తరగతి చదువుకు అందులో అర్థం కాని మాట ఒక్కటీ లేదు. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.

విశ్వపతి గారు లేచి అతనికి శాలువా కప్పారు. జీపులో పెట్టుకునే వచ్చారు.

నెల తిరక్కుండా ఆ కాగితం నకళ్లు ఘాట్ రోడ్లున్న ముప్ఫై ఎనిమిది డిపోలకూ వెళ్లాయి. వాటి వెనకే డబ్బాలు వెళ్లాయి. పసుపు రంగు బోర్డులు గోదాములో ముందే రాయించి పెట్టారు, ఊరి పేరుకు ఖాళీ వదిలి.

గురువారం మధ్యాహ్నం, గంగులమ్మ కేరేజీ గిన్నెలు కడుగుతుండగా అప్పలసూరికి ఫోనొచ్చింది. ముచ్చికోట డిపో ఫోర్‌మన్ సన్యాసిరావు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్లు.

"సూరీ, మా బళ్లు నాలుగూ కొండ కింద పడున్నాయిరా. నీ సంతకం నా కళ్లముందుంది. నీ బండి ఆ నూనెతో ఎక్కదని నాకు తెలుసు. నిజం సెప్పు, ఏటి సేశావు?"

అప్పలసూరి బస్సు వైపు చూశాడు. బొంజుబాబు ఇంజను స్టార్ట్ చేశాడు.

"కాగితంలో ఉన్నదే," అన్నాడు.

"పైడమ్మ బతికుంటే ఇలా అననిచ్చీది కాదురా," అని సన్యాసిరావు పెట్టేశాడు.

గంగులమ్మ చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవుడు బాబూ?"

"ముచ్చికోటోడు. ఆళ్ల కొండకి బస్సు ఎక్కడం నేదట."

"నీకు తెలుసును కదా. సెప్పకపోయావా?"

అతను ఖాళీ బస్తాలు మడిచి, చంకన పెట్టుకుని, ఆమెను బస్సు దాకా తీసుకెళ్లాడు. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి, అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

బస్తాలు లోపల పడేసి, రేకు మీద చరిచాడు. "ఎక్కు అత్తా. గెడ్డం గురించి తిట్టు, బొత్తాం గురించి తిట్టు, పడతాను. ఈ నూనె సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు. నువ్వే కాదు, ఎవులడిగినా ఇంతే. ఇయాల్టితో సరి. నే సచ్చినా దీని గురించి మళ్లీ నోరిప్పను."